ఇంజిన్ ఒక్కటే మారదు

పోయిన వారం మా కొత్తకోటలో చాయ్ హోటల్ కాడ పక్కూరి పిల్లగాడు ఒకడు నన్ను పట్టుకున్నాడు. "కాకా, మా తాత జీపు కొట్టంల పడి ఉన్నది. పెట్రోల్ బండి. ఇంజిన్ జామైంది. డీజిల్ ఇంజిన్ ఏపిస్తే ఎట్లుంటది? నువ్వు ఎనకట ఏపించినవంట గదా" అన్నాడు.

ఏపించిన మాట నిజమే. కాకపోతే అది ఒక చాయ్‌లో అయిపోయే ముచ్చట కాదు. అందుకే ఈ వారం ఇక్కడ రాస్తున్నా. మీ ఇంట్లోనూ అలాంటి బండి ఉంటే మీకూ పనికొస్తుంది.

మాది సీజే3బీ, ముక్కు ఎత్తుగా ఉండే జీపు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఆ వరసలో తర్వాత వచ్చిన మోడల్ ఇది. దీని బానెట్ అంత ఎత్తు ఎందుకో తెలుసా? 1953లో అమెరికాలో విల్లీస్ కంపెనీ పౌరుల జీపుకు హరికేన్ అనే ఇంజిన్ పెట్టింది. సైజు పాతదే, 2.2 లీటర్లు. కానీ ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లోకి పోవడంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది. పాత బానెట్ కింద పట్టలేదు. దాంతో బానెట్‌నే లేపారు. మనం ముచ్చటపడే ఆ రూపమే ఇంజిన్ మార్పుతో వచ్చిందన్నమాట. కంపెనీ ఇంజిన్‌తో పాటు బండినీ మార్చింది. నేను మాత్రం ఇంజిన్ ఒక్కటి మారిస్తే చాలనుకున్నా.

అది 1994. మా నాయిన జీపు పల్లికాయ బస్తాలు మోసేది, చెలకకు పోయేది, పెళ్లిళ్లకూ పోయేది. పెట్రోలు మాత్రం నీళ్లలా తాగేది. డీజిల్ చాలా చవక. సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రాక్టరు ఇంజిన్ దొరికింది. హైవే పక్కన షెడ్డున్న చాచా "బేటా, కూసోబెట్టుడు పెద్ద పని కాదు. కూసున్నంక దాని ఎంబడి వచ్చే పనులే పెద్దయి" అన్నాడు. నేను నవ్వి, వారంలో కావాలని తొందరపెట్టాను.

మొదటి పని, కొత్త ఇంజిన్‌నూ పాత గేర్‌బాక్సునూ కలపడం. రెండింటి బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. క్రాంకు నడిమధ్యకు గేర్‌బాక్స్ షాఫ్టు సూటిగా రావాలి, వెంట్రుకవాసి కూడా తప్పకూడదు. తొందరలో చేయించిన మా ప్లేటు తప్పింది. మూడు నెలల్లో గేర్‌బాక్స్ బేరింగులు అరిగి, తిరగలిలా మోత మొదలైంది. మళ్లీ మొత్తం దించాల్సి వచ్చింది.

ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందు కూడా హౌసింగ్ ఉంటుంది. ఇంజిన్ కింద సంపు దానికి తగలకూడదు. ఇంజిన్‌ను కాస్త లేపితే పైన బానెట్‌కు తగులుతుంది, వెనక్కి జరిపితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది. బరువు పెరిగేసరికి ముందు కమాన్లు కుంగాయి. బ్రేకులు మాత్రం అవే పాత డ్రమ్ములు.

స్పీడు లెక్క ఎవరూ చెప్పలేదు. మీరే వేసుకోండి. ఈ జీపు క్రౌన్ రేషియో 5.38. ట్రాక్టరు ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, టాప్ గేరులో చక్రం తిరిగేది 372 చుట్లే. టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే గంటకు 50 కిలోమీటర్లు కూడా కష్టమే. హైవే మీద లారీలు వెనక నుంచి హారన్ కొడుతుంటే నేను పక్కకు జరిగేవాణ్ణి. అదే చెలకలోనైతే ఏనుగు బలం.

డీజిల్ ట్యాంకుకు ఇంకో పైపు కావాలి, ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన డీజిల్ వెనక్కి రావడానికి. లైనులో గాలి చొరబడితే ఇంజిన్ ఆగిపోతుంది. మన సరళాసాగర్ సైఫన్లు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లోపల గాలి లేనంతసేపే నీళ్లు దూకుతాయి. ఇక తాళంచెవి తీసినా బండి ఆగలేదు! పంపు దగ్గర డీజిల్ కట్ చేసే తీగ లాగాలని అప్పుడు తెలిసింది.

అసలు భయం ఒక వానరాత్రి తెలిసింది. నాయినకు ఆయాసం వస్తే వనపర్తి తీసుకుపోతున్నా. వైపర్ స్విచ్ తిప్పితే కదల్లేదు. మా జీపు వైపర్ పెట్రోలు ఇంజిన్ లాగే గాలితో, అంటే వాక్యూమ్‌తో నడిచేది. డీజిల్ ఇంజిన్‌లో అంత వాక్యూమ్ ఉండదు. ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆయాసపడుతున్న మనిషే పక్కకు వంగి, తువ్వాలతో అద్దం తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక కాయితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆమోదించిన కిట్‌తో గ్యాస్ వంటివి పెట్టుకోవడానికి షరతులతో దారుంది. ఎక్కడిదో ఇంజిన్ తెచ్చి బిగించడం వేరే సంగతి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మా ఆర్సీలో ఇప్పటికీ పెట్రోలనే ఉంది, ఇంజిన్ నంబరు పాతదే. ఏదైనా జరిగితే బీమా వాళ్లు మొదట చూసేది ఆ నంబరే.

2021లో వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ రూల్స్ వచ్చాయి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ వార్త చదివి పాత ఇంజిన్ కోసం కొట్టమంతా వెతికాను. తర్వాత గుర్తొచ్చింది. దాన్ని నేనే పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాను.

డీజిల్ ఇంజిన్ చెడ్డదని కాదు. ఆ ఇంజిన్ లేకుంటే మా జీపు ఎప్పుడో ముక్కలయ్యేది. మహీంద్రా కూడా ప్యూజో లైసెన్స్ డీజిల్ ఇంజిన్‌తో ఎంఎం540 చేసింది. అలాంటి బండి కావాలంటే కాయితాలు సరిగా ఉన్నదే కొనుక్కోవచ్చు. పైగా 2014లో డీజిల్ ధరమీద నియంత్రణ తీసేశాక అప్పటంత తేడా కూడా లేదు.

అందుకే పిల్లగానికి ఒకటే చెప్పా. "ముందుగాల గ్యాస్ కట్టర్ ముట్టకు. పాత ఇంజిన్ అమ్మకు. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాలల్ల ఆయిల్ పోసి నానబెట్టు. సెల్ఫ్ కొట్టకు, చేత్తోనే మెల్లగ తిప్పి చూడు. రింగులు, పిస్టన్లు ఎతికితే దొరుకుతయి."

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "కాకా, ఆరో దినానికి పుల్లీ జరంత కదిలింది!"

రేపు పొద్దున పోతున్నా, నా పాత పానాల పెట్టె తీసుకొని.