పేరు చూసి కాదు, భట్టి చూసి కొనాలె



దవాఖానకో, పెండ్లి బట్టలకో, పిల్లల ఇంటర్వ్యూకో మనవాళ్లు బీదర్ నుంచి హైదరాబాద్ పోతూనే ఉంటరు. పోయే ముందు నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, అక్కడ మంచి బేకరీ ఏది? వచ్చేటప్పుడు ఇంటికి ఏం తేవాలె?" నేను చాలా ఏండ్లు అక్కడి మిల్లులో చేసిన కాబట్టి నాకు తెలుసని అడుగుతరు. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఈ నెల అందరికీ రాస్తున్న.

ముందు నా తెలివితక్కువతనం చెప్తా. బిడ్డ పెండ్లయినంక మొదటిసారి వియ్యంకుల ఇంటికి పోతూ, పెద్ద అద్దాల షాపుల బంగారు రంగు డబ్బా కొన్న. పేరు మోసిన షాపే. పేరు ఎందుకులెండి. అక్కడ డబ్బా విప్పితే బిస్కెట్లు మెత్తబడి ఉన్నయి, పాత దాల్డా వాసన కొట్టింది. వియ్యపురాలు మంచి మనిషి, ఒక్క మాట అనలే. ప్లేటు మెల్లగ పక్కకు జరిపింది. సాంచెల కాడ నిలబడి గుడ్డను చేత్తో తడిమి మంచిదేదో చెడ్డదేదో చెప్పినోడిని, డబ్బా మీది రంగు చూసి మోసపోయిన. ఆ దినం నుంచి నా లెక్క మార్చుకున్న. పేరు తర్వాత, ముందు భట్టి.

ఇగ రైలు దిగిన కాడి నుంచి చెప్తా. మన రైలు నాంపల్లి పోతది కదా, అక్కడే సుభాన్ బేకరీ ఉన్నది. ఉస్మానియా బిస్కెట్‌కు నా మొదటి ఓటు దానికే. గిరాకీ ఎప్పుడూ ఉంటది కాబట్టి ట్రే ఎక్కువ సేపు ఆగదు. మొహర్రం నెలల పోతే అక్కడ దమ్ కా రోట్ దొరుకుతది. రవ్వ, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, బాదం వేసి కాలుస్తరు. ఒక్కటి తింటే కడుపు నిండుతది.

ఉస్మానియా అన్న పేరు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మీద వచ్చింది. ఉస్మానియా దవాఖానల రోగులకు బలం కోసం చేయించిండ్రని పాతోళ్లు చెప్తరు. 1956 దాకా మన బీదర్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలదే కదా, అందుకే ఆ బిస్కెట్ మనకు కొత్త కాదు. తీపి ముందు తగులుతది, ఉప్పు వెనక తగులుతది. నైట్ షిఫ్టు దిగి చాయ్‌ల ముంచుకుని తిన్నోళ్లకు వేరే చెప్పే పని లేదు.

నాంపల్లి నుంచి నడిచినా దూరం కాదు, మొజంజాహీ మార్కెట్. 1935ల కట్టిన రాతి కట్టడం. అక్కడే కరాచీ బేకరీ. ఫ్రూట్ బిస్కెట్ అంటే ఇదే. అందులో ఎర్రగ పచ్చగ ఉండే టూటీ ఫ్రూటీ ఏ పండో అనుకుంటరు, అది పచ్చి బొప్పాయి. చిన్న ముక్కలు కోసి చక్కెర పాకంల ఉడికించి రంగు కలుపుతరు.

ఈ షాపు గురించి ఇంకో మాట చెప్పాలె. ఖాన్‌చంద్ రామ్నానీ అనే సింధీ ఆయన దేశ విభజన అప్పుడు కరాచీ విడిచి వచ్చి, 1953ల ఇక్కడ బేకరీ పెట్టిండు. పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నడు. 2019ల పుల్వామా తర్వాత బెంగళూరుల కొందరు పోయి గొడవ చేస్తే బోర్డు మీద కరాచీ అన్న మాట కప్పాల్సొచ్చింది. 2025 మే నెలల మళ్లీ అదే గొడవ, ఈసారి హైదరాబాద్‌ల కూడా. మనోళ్లల ఒకాయన కూడా "ఆ పేరున్న డబ్బా నా ఇంటికి తేవద్దు" అని అల్లునితో అన్నడంట.

ఆయనకు కోపం రావచ్చు గానీ నేను ఇట్ల అడుగుతున్న. మిల్లుల ఇరవై ఏండ్లు నన్ను ఎవ్వరూ నా పేరుతో పిలవలే. "ఏ బీదర్, ఇటు రా" అనేటోళ్లు. నా పక్క సాంచె మీద ఉన్నాయనను "గుల్బర్గా" అనేటోళ్లు. సోలాపూర్, భివండి పోయిన మన తెలుగోళ్లు ఇప్పటికీ ఇంటి పేరుతో పాటు ఊరి పేరు మోస్తలేరా? ఊరు పోయినోడికి పేరన్నా మిగలాలె కదా. దుష్మన్ల మీద కోపం ఉంటే ఉండనీ, భట్టి ముందు చెమటోడ్చే పిల్లగాళ్ల మీద ఎందుకు? వాళ్లు కూడా మనలెక్కనే జీతానికి నిలబడ్డోళ్లు. చెడు మాల్ అమ్మితే తిట్టుండ్రి, నేనూ తిడతా. పేరుకు మాత్రం తిట్టొద్దు.

అక్కడి నుంచి బస్సెక్కి చార్మినార్ పోతే, మక్కా మసీదు పక్కన నిమ్రా. 1993ల మొదలైంది. హోటలూ బేకరీ ఒక్కటే. నిలబడి ఇరానీ చాయ్, దాంతో ఉస్మానియా, టై బిస్కెట్, ఖారా. ఇంటికి తేవడం కన్నా అక్కడే తినాలె, వేడి మీదనే దాని రుచి. అక్కడికి దగ్గర్లనే పురానీ హవేలీ వైపు మున్షీ నాన్. 1851 నుంచి ఉన్నది. నిజాం కొలువుల మున్షీగా చేసినాయన పెట్టిండని చెప్తరు. నాలుగు మూలల నాన్, మట్టి తందూరు గోడకు అంటించి కాలుస్తరు. తెచ్చుకునేటట్టయితే కాగితంల కాదు, నూలు బట్టల చుట్టుండ్రి, గట్టిపడదు.

ఇగ కొనే పద్ధతి. మన గుడ్డ లెక్కనే.

ముందు అడుగుండ్రి: "భాయ్, ఇప్పుడు దిగిన ట్రే ఏది?" మంచి షాపోడు వేలు పెట్టి చూపిస్తడు. చెడ్డోడు "అన్నీ తాజానే" అంటడు. విడిగా తూకం మీద పావు కిలో తీసుకుని ఒకటి విరవండి. ఉస్మానియా పొడిపొడిగ రాలాలె, వంగొద్దు. ఖారా అయితే పొరలు పొరలుగ చప్పుడు చేసి విరగాలె. వాసన చూడుండ్రి, ముక్కిన నూనె దాగదు. డబ్బా అయితే తయారైన తారీకు చదవండి, చదువు రాకుంటే పిల్లలతో చదివించండి. గుడ్డు తినని ఇండ్లకు ఆకుపచ్చ చుక్క ఉన్నదే తీసుకోవాలె. షుగర్ ఉన్నోళ్లు ఒక్క బిస్కెట్‌తో చేయి కడుక్కోండి. ఇది నాకు నేను కూడా చెప్పుకుంటున్న.

ఆఖరుకు మన బీదర్ మాట. మన మిల్లోళ్ల పిల్లగాడే ఒకడు ఊర్ల చిన్న భట్టి పెట్టిండు. బోర్డు కూడా లేదు. తెల్లారకముందే బన్‌లు దించుతడు, ఇంటికి పోయేసరికి ఇంకా వేడిగ ఉంటయి. అయినా మన ఇండ్లల్ల పుట్టినరోజు వస్తే "హైదరాబాద్ నుంచి తెచ్చినం" అని చెప్పుకోవడానికి రెండు దినాల కిందటి కేకు మోసుకొస్తం. ఒక్కసారి పోయి ట్రే చూడుండ్రి, ఒకటి విరిచి చూడుండ్రి. బాగలేకుంటే వాని మొఖం మీదనే చెప్పండి, నేర్చుకుంటడు.

నేను మరిచిన మంచి భట్టి మీకు తెలిస్తే ఒక ముక్క రాసి పంపండి. వచ్చే నెల వేస్తం.