భువనగిరి కోటను కాళ్లతో చూడాలి

భిలాయి తెలుగువాళ్లకు కొండ మీదికి రోప్‌వే కొత్త ముచ్చటేం కాదు. నవరాత్రులొస్తే రైలెక్కి డోంగర్‌గఢ్ వెళ్లడం, వెయ్యికి పైగా ఉన్న మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకు ట్రాలీలో తీసుకెళ్లి బమ్లేశ్వరి అమ్మవారి దర్శనం చేయించడం ఇక్కడి ఉక్కు ప్లాంటు కుటుంబాలకు అలవాటే. ఇప్పుడు తెలంగాణలోని భువనగిరి కోటకూ కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ 2.0 కింద రోప్‌వే తలపెట్టారు. మంచిదే. కానీ డోంగర్‌గఢ్ లెక్క భువనగిరికి కుదరదు. అక్కడ జనం వెళ్లేది అమ్మవారి కోసం, ఎలా వెళ్లినా దర్శనం దర్శనమే. భువనగిరిలో చూడాల్సిందే ఆ రాయి. చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి బిరుదు త్రిభువనమల్లుడు, ఆ పేరు మీదే త్రిభువనగిరి వెలసింది. దాదాపు 500 అడుగుల ఏకశిల అది. కట్టినవాళ్లు కొండనే సగం గోడగా వాడుకున్నారు. బండ మీద జారే వాన నీళ్లు గుండాల్లో నిలుస్తాయి. ఎక్కేకొద్దీ ఈ కోటను పట్టడం ఎంత కష్టమో పిక్కలకే తెలిసివస్తుంది. ట్రాలీలో కూర్చుంటే ఆ సంగతి తెలియదు.

నిజానికి ఈ కోటకు ఈ కాలపు పని ఎప్పుడో దొరికింది. గుట్ట దగ్గర రాక్ క్లైంబింగ్ స్కూలుంది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇక్కడే తాడు పట్టడం నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. శత్రువును ఆపడానికి ఎంచుకున్న నిటారు బండే పేదింటి పిల్లలకు బడి అయింది, అదీ పాత గోడ ఒక్కటి కదపకుండా. పాత కట్టడానికి కొత్త బతుకంటే నాకు ఇదే.

మరి ముసలివాళ్లు, కాళ్లు సహకరించనివాళ్లు కోట చూడొద్దా అని అడుగుతారు. చూడాలి, రోప్‌వేలో మొదటి హక్కు వాళ్లదే. జనం పెరిగితే ఊరివాళ్లకు ఉపాధి అన్నదీ కాదనలేని మాటే. అయితే దుకాణాలూ హోటళ్లూ కిందే ఉండాలి. పైన శిథిలాలకూ గుండాలకూ ఎంతమంది తాకిడి తట్టుకునే శక్తి ఉందో లెక్కగట్టి, అంతకు మించి పైకి పంపకూడదు. 2025 ఏప్రిల్‌లో డోంగర్‌గఢ్‌లో ట్రాలీ ప్రమాదం జరిగి మనుషులు గాయపడ్డారు. కాబట్టి నిర్వహణ ఖర్చు మొదటి రోజే పక్కన పెట్టాలి. టికెట్ల డబ్బులో ఒక వాటా క్లైంబింగ్ బడికి రాసివ్వాలి. ఓపిక ఉన్నవాళ్లు మాత్రం దయచేసి మెట్ల దారినే ఎక్కండి.