థైరాయిడ్ అందరికీ ఉంటుంది

మన వాడుకలో ఒక విచిత్రమైన మాట స్థిరపడిపోయింది. “బావగారికి షుగరుంది” అన్నట్టే “పిన్నికి థైరాయిడ్ ఉందట” అంటాం. థైరాయిడ్ లేనిదెవరికి? గొంతు ముందు భాగాన, శ్వాసనాళాన్ని ఆనుకొని సీతాకోకచిలుకలా ఉండే ఆ గ్రంథి పిన్నికీ ఉంది, ఆ మాట విన్న మనకూ ఉంది. అవయవం పేరే జబ్బు పేరైపోయింది. వాడుక భాషను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ మాట వెనుకనున్న అయోమయానికి మనం బడిలో నేర్చిన చదువే కొంత కారణమని నా అభిప్రాయం.

అంతఃస్రావ వ్యవస్థను మనం ఎలా నేర్చుకున్నామో గుర్తుచేసుకోండి. ఒక మనిషి బొమ్మ, దాని చుట్టూ బాణం గుర్తులు. పక్కన ఒక పట్టిక: గ్రంథి పేరు, అది స్రవించే హార్మోను, ఎక్కువైతే వచ్చే వ్యాధి, తక్కువైతే వచ్చే వ్యాధి. పరీక్షలో జతపరచమనేవారు, జతపరిచేవాళ్ళం, మార్కులు వచ్చేవి. ఏ గ్రంథి ఏ గ్రంథి మాట వింటుందో, ఏది దేనికి పగ్గం వేస్తుందో ఆ పట్టికలో ఉండేది కాదు.

తెలుగు పదాల మీద మక్కువ గలవాళ్ళం కనుక పేర్ల సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. పిట్యూటరీ అన్న పేరుకు మూలం శ్లేష్మాన్ని సూచించే లాటిన్ మాట. మెదడులోని మలినం ఆ గ్రంథి గుండా ముక్కులోకి దిగుతుందని పూర్వకాలపు యూరోపు వైద్యులు తలచారు. మనవాళ్ళు దానికి పీయూష గ్రంథి అని పేరుపెట్టి చీమిడిని ఏకంగా అమృతం చేశారు! థైరాయిడ్ అన్న పేరుకు మూలం డాలును సూచించే గ్రీకు మాట. మనం వాడే ‘అవటు’ శబ్దానికి సంస్కృత నిఘంటువులు మెడ వెనుక భాగమని అర్థం చెబుతాయి. గ్రంథి ఉన్నదేమో ముందు వైపున. ‘వినాళ గ్రంథి’ అన్న మాట దానికి నాళం లేదని చెప్పి ఊరుకుంటుంది. ఇటువంటి చర్చలంటే నాకూ ఇష్టమే. కానీ ఎంత చక్కని పేరైనా ఆ గ్రంథి ఎక్కడుందో, ఎలా ఉందో చెప్పగలదే తప్ప, అది ఎవరితో మాట్లాడుతుందో చెప్పలేదు.

ఈ శాస్త్రానికి పునాది పడింది మాత్రం ఆ మాటల జాడ వెదికినప్పుడే. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కుక్క చిన్నప్రేగులో కొంత భాగానికి నాడుల సంబంధం తెంచివేసి, అందులో ఆమ్లం పోశారు. నాడులే వార్తాహరులైతే క్లోమానికి కబురు చేరకూడదు. అయినా క్లోమరసం ఊరింది. ప్రేగు లోపలి పొరను గీకి, దాని సారాన్ని రక్తంలోకి ఎక్కిస్తే అప్పుడూ ఊరింది. కబురు రక్తంలో కలిసి ప్రయాణించిందన్నమాట. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇటువంటి వార్తాహరులన్నిటికీ కలిపి హార్మోన్ అన్న మాట వాడారు. ప్రేరేపించడమనే అర్థం గల గ్రీకు మాట నుండి వచ్చిందది.

ఇక థైరాయిడ్ సంగతికి వద్దాం. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి, రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంత ఉన్నదో సదా కనిపెడుతూ ఉంటుంది. తగ్గితే టీ.ఎస్.హెచ్. అనే మరొక హార్మోనును పంపి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది. చాలినంత తయారు కాగానే ఆ తొందర తగ్గిస్తుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే రక్తపరీక్ష కాగితం చాలావరకు అర్థమవుతుంది. అందులో టీ.ఎస్.హెచ్. ఎక్కువగా ఉందంటే, చాలా సందర్భాల్లో థైరాయిడ్ చాలినంత పనిచెయ్యడం లేదని అర్థం. పలకనివాణ్ణి గొంతు పెంచి పిలుస్తాం కదా, అదే ఇది. పీయూష గ్రంథిలోనే లోపమున్న అరుదైన సందర్భాల్లో ఈ లెక్క కుదరదు. అందుకే వైద్యులు అవసరమైనప్పుడు థైరాక్సిన్‌ను కూడా కొలిపిస్తారు.

ఇది తెలియకపోతే ఏమవుతుంది? మా బంధువుల్లో ఒకావిడ, డిగ్రీ దాకా చదివినావిడే, టీ.ఎస్.హెచ్. మామూలు స్థాయికి వచ్చిందని చూసి, జబ్బు నయమైందనుకొని మాత్రలు మానేశారు. రెండు వారాలు ఏ తేడా తెలియలేదు, తెలియదు కూడా. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే మోతాదు మార్చిన తరువాత మళ్ళీ పరీక్షకు సుమారు ఆరు వారాలు ఆగమంటారు. ఆ అంకె మామూలుగా ఉన్నది మాత్ర వల్లనే అన్న సంగతి, మళ్ళీ నీరసం, మందకొడితనం కమ్ముకున్నాక గాని ఆవిడకు బోధపడలేదు. గర్భిణి విషయంలో ఇటువంటి పొరపాటు మరీ ప్రమాదకరం. తొలి నెలల్లో బిడ్డకు సొంత థైరాక్సిన్ ఉండదు. మెదడు ఎదుగుదలకు కావలసినదంతా తల్లి రక్తం నుండే రావాలి.

ఈ గ్రంథుల సంభాషణను అర్థం చేసుకున్నందువల్ల ఎంత మేలు జరుగుతుందో మన తెలుగువాడొకరు దేశానికి చూపించారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యవిద్య చదివిన వులిమిరి రామలింగస్వామి, 1950ల నడుమ హిమాలయ పాదాల వద్దనున్న కాంగ్రా లోయలో గాయిటర్‌పై పరిశోధన చేపట్టారు. అక్కడి మట్టిలో అయొడిన్ తక్కువ. అయొడిన్ లేనిదే థైరాయిడ్ తన హార్మోనును తయారు చెయ్యలేదు. పీయూష గ్రంథి మాత్రం అడగడం మానదు. ఆ ఒత్తిడికి గ్రంథి ఉబ్బి గొంతు దగ్గర కణితిలా వేలాడుతుంది. చూడడానికి వృద్ధి, నిజానికి లేమి. ఆయన బృందం లోయను మూడు మండలాలుగా విభజించి రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు అందేలా చూసింది. కొన్నేళ్ళకు అయొడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ గణనీయంగా తగ్గింది. 1962లో ప్రభుత్వం జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈనాడు మన వంటింటి డబ్బాలోని ఉప్పులో అయొడిన్ ఉన్నదంటే ఆ లోయకు మనం రుణపడి ఉన్నట్టే.

కనుక నేను కోరేది ఒక్కటే. పది గ్రంథుల పట్టిక కన్న ముందు, ఒక్క గ్రంథి కథ పూర్తిగా చెప్పండి. పిల్లలకు ఇది కష్టమంటే నేను ఒప్పుకోను. మేడ మీది నీళ్ళ తొట్టిలో నీరు నిండగానే తేలే బంతి పైకి లేచి కుళాయిని మూసేస్తుంది. నీరు తగ్గితే మళ్ళీ తెరుస్తుంది. దాన్ని చూసిన పిల్లవాడికి పీయూష గ్రంథి సంగతి చెప్పడానికి పావుగంట చాలు. ఆ సూత్రం పట్టుబడితే కాల్షియం, కార్టిసాల్ వంటివాటి కథలు నేర్వడం తేలికవుతుంది. పట్టిక పరీక్ష మరునాటికి మరపున పడుతుంది. ఈ కథ మాత్రం నలభయ్యవ ఏట రక్తపరీక్ష కాగితం చేతికొచ్చిన రోజున అక్కరకొస్తుంది.

గ్రంథులకు తెలుగులో పేర్లు చాలానే ఉన్నాయి. పని చాలినంత అయిందని తిరిగి వెళ్ళి, పంపినవారిని ఆపే ఆ కబురుకు మాత్రం నలుగురి నోటా నానే పేరు ఇంకా లేదు. నేను ప్రస్తుతానికి ‘ఎదురు కబురు’ అంటున్నాను. ఇంతకన్న మంచి మాట మీకు తోస్తే చెప్పండి, దాన్నే వాడతాను.