ఎంత కొట్టింది?

ఏప్రిల్ వచ్చి మినుము తీసేశాక ఉంగుటూరు వైపు చేలల్లో పని పలచబడుతుంది. అప్పుడు ఆడవాళ్లు మామిడి షెడ్లకు పోతారు. పొద్దున్నే హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడు పోయే ఆటోలో వాళ్లు వెనక కూర్చుంటారు. కాయ కోతకు పోయే కుర్రాళ్లు ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుంటారు. ఆ ఆటోలో సినిమా మాటో సీరియల్ మాటో రాని రోజు ఉండదు. వస్తే రెండు రకాలుగా వస్తుంది.

ముందు సీట్లో:

“ఫస్ట్ డే ఎంత కొట్టిందిరా?”

“మన కృష్ణాలోనే రెండు కోట్లంట.”

“పోరా, అది గ్రాసు. షేరు అంత లేదు.”

వెనక సీట్లో, రాత్రి వచ్చిన సీరియల్ మీద:

“ఆ ఉత్తరం దాచడమేంటి పిన్నీ ఆవిడ? కొడుకు కాపురం ఏమైపోద్దో చూసుకోవద్దూ?”

“దాచకపోతే ఏం చేస్తదే? వాడు చదివితే ఇల్లొదిలి పోతాడు. తల్లి గదా, భయం ఉండదా?”

“భయం ఉంటే నోటితో చెప్పాలి. దొంగతనంగా దాస్తే అది భయమంటారా?”

ఈ రెంటిలో అభిప్రాయమనదగ్గది ఏది? నన్నడిగితే వెనక సీటుది. ముందు సీటుది మార్కెట్ రిపోర్టు. ఇందులో చిత్రమేంటంటే, సినిమావాళ్లు, టీవీవాళ్లు, మా పత్రికలవాళ్లు అందరం ‘ప్రేక్షకుల స్పందన’ పేరుతో ముందు సీటు మాటే రాసుకుంటున్నాం. వెనక సీటు మాట ఆటో దిగేసరికి గాల్లో కలిసిపోతోంది.

నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. సినిమాను అమ్ముకునే ఏరియాల ఈ జాబితా ఒకప్పుడు విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో వినపడేది. సినిమా కొన్నవాడికి థియేటర్ అద్దె పోను మిగిలే షేరెంతో తెలియాలి. అప్పు తెచ్చి కొన్నాడు, అది వాడి బతుకు. చెట్టు కింద చిక్కం పట్టుకుని నిలబడే కుర్రాడికి ఆ లెక్కతో పనేంటి? షేరు పెరిగితే వాడి కూలి పెరగదు, తగ్గితే వాడికి బాకీ పడదు. అయినా బ్రేక్ ఈవెన్ దాకా కంఠతా చెబుతాడు. అదే కుర్రాణ్ని “కథలో నీకు నచ్చని పని ఎవరు చేశారు?” అంటే కాసేపు తడుముకుంటాడు. తెలివి తక్కువై కాదు, వాణ్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు గనక.

ఈ ప్రాంతానికి సినిమా కొత్త చుట్టమేమీ కాదు. నూజివీడు పక్కనే మీర్జాపురం. అక్కడి రాజావారు మద్రాసులో శోభనాచల పిక్చర్స్ పేరు మీద సినిమాలు తీశారు. ఆగిరిపల్లి నరసింహస్వామి కొండ పేరూ శోభనాచలమే. 1949లో అక్కినేని, అంజలీదేవిలతో వచ్చిన ‘కీలుగుఱ్ఱం’కు దర్శకుడు ఆ రాజావారే. అదే ఏడాది ఆయన భార్య సి. కృష్ణవేణి తీసిన ‘మనదేశం’తో ఎన్టీఆర్ తెర మీదికొచ్చారు.

ఆ రోజుల్లో కొత్త సినిమా ముందు బెజవాడలో పడేది. అక్కడ ఆడాక రీళ్ల పెట్టె ఒక్కో మెట్టే దిగి, ఎప్పటికో చిన్న ఊళ్ల డేరా హాళ్లకు చేరేది. రీలు గీతలు పడి వచ్చేది గానీ దాని గురించిన మాట మాత్రం ముందే వచ్చేసేది. బస్తీకి పోయి చూసొచ్చినవాడు రచ్చబండ మీద కథంతా చెప్పేవాడు. వాడెవడో ఊరికి తెలుసు. “వాడికి ఏడుపు సినిమా తప్ప ఒంటబట్టదు”, “వాడు యుద్ధాలుంటే చాలంటాడు” అని వాడి మాటకు తరుగు తీసుకుని వినేవాళ్లు. చెప్పినవాడు మర్నాడు అదే వీధిలో తిరగాలి. చెత్త సినిమాకు పంపితే అడిగేవాళ్లు ఉంటారు.

ఆ నిదానం వల్ల బతికిన సినిమాలున్నాయి. 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ విడుదలైనప్పుడు మొదటి రోజుల్లో హాళ్లు పలచగా ఉన్నాయి. పేరున్న హీరో లేడు. జె.వి. సోమయాజులు వేసింది ఓ పెద్దవయసు సంగీత విద్వాంసుడి పాత్ర. చూసినవాళ్లు ఇంకొకళ్లకు చెప్పారు, వాళ్లు మరొకళ్లను వెంటబెట్టుకెళ్లారు, జనం పెరిగారు. మొదటి రోజు వసూలు చూసి తీర్పు చెప్పే అలవాటు అప్పుడుంటే విశ్వనాథ్ గారి సినిమాను వారం తిరక్కుండానే ఎత్తేసేవాళ్లు.

మొదటి రోజు వసూలు దేన్ని కొలుస్తుంది? మా వైపు వ్యాపారులు తోటల్ని పూత మీద కొంటారు. పిందె పడలేదు, కాయ ముదరలేదు, రసం సంగతి దేవుడెరుగు. చెట్టును చూసి, వెనకటేడు కాపును తల్చుకుని, రేటు చెప్పేస్తారు. ఆ బేరంలో తప్పులేదు. కానీ ఆ ధర చూపించి “చూశారా, ఎంత తియ్యటి పండో” అంటే నవ్వుతారు. మొదటి రోజు వసూలు కూడా పూత మీది బేరమే. ఆ డబ్బంతా సినిమా చూడకముందు కట్టింది. అది హీరో మీద నమ్మకం, పోస్టర్ మీద మోజు. 2024 డిసెంబరు 4న ‘పుష్ప 2’ ముందురోజు ఆటకు టికెట్ 800 రూపాయల పైమాటే. అంత పోసినవాడు బయటికొచ్చి బాగాలేదనడానికి మనసెట్లా ఒప్పుతుంది? అన్నా, అది సినిమా మీద కోపమో పోయిన డబ్బు మీద కోపమో తేల్చడం కష్టం.

అంకెల పిచ్చి ఈనాటిదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే, యాభై రోజుల కేంద్రాలు, వంద రోజుల కేంద్రాలు లెక్కబెట్టి అభిమానులు తగువులాడుకున్న రోజులు మనం మర్చిపోలేదు. కుస్తీలు పట్టి వంద రోజులు ఆడించిన సినిమాలూ ఉన్నాయి. అయినా వంద రోజులంటే ఎంతో కొంత, చూసినవాళ్లు చెప్పగా చూడనివాళ్లు వచ్చారని అర్థం. జనం మాట ఆ అంకెలో కలిసేది. ఇప్పుడు సినిమా జనం నోట పడేలోపే అంకె తయారవుతోంది.

ఇక హాలు గేటు దగ్గర మైకు సంగతి. ఆట వదిలీ వదలకముందే యూట్యూబ్ చానళ్లవాళ్లు చుట్టుముడతారు. “అన్నా, ఎలా ఉంది?” “ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ కొంచెం ల్యాగ్, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది, బీజీఎం కుమ్మేశాడు, మూడు వేసుకోవచ్చు.” ఈ జవాబు పదేళ్ల కిందటి సినిమాకైనా, వచ్చే శుక్రవారం సినిమాకైనా సరిపోతుంది. కథలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్క ముక్క ఉండదు.

ఈ మైకుల మీద నిర్మాతలకు మంటగా ఉంది. 2024 నవంబరులో తమిళ నిర్మాతల సంఘం, థియేటర్ ఆవరణలో ఇలాంటి రివ్యూలు తీయనివ్వొద్దని హాళ్ల యజమానుల్ని కోరింది. కేరళలో ఈ తగువు 2023లోనే హైకోర్టుకెక్కింది. విడుదలైన 48 గంటల వరకు వ్లాగర్లు రివ్యూలు ఆపాలని కోర్టుకు సాయంగా నియమితుడైన న్యాయవాది సూచించారు. నాకిది సరైన దారనిపించదు. డబ్బిచ్చి టికెట్ కొన్నవాడి నోరు రెండు రోజులు కట్టేస్తామనడం ఏం న్యాయం? డబ్బు తీసుకుని తిట్టేవాళ్లు, డబ్బు తీసుకుని పొగిడేవాళ్లు ఉంటే వాళ్ల సంగతి వేరే చూడాలి. మిగతా అందరి విషయంలో జబ్బు మైకులో లేదు, అడిగే ప్రశ్నలో ఉంది. ‘ఎలా ఉంది’ అంటే మార్కులే వస్తాయి.

టీవీ సంగతి ఇంకో తమాషా. టీఆర్పీ లెక్కలు బార్క్ సంస్థ 2015 నుంచి ఇస్తోంది. దేశంలో ఎంపిక చేసిన కొన్ని వేల ఇళ్లలో మీటర్లు పెడతారు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక బటన్ ఉంటుంది, చూసేవాళ్లు తమ బటన్ నొక్కాలి. ఎవరు ఎంతసేపు చూశారో తెలుస్తుంది. ఏమనుకుంటూ చూశారో తెలియదు. కళ్లు తుడుచుకుంటూ చూసిన ఇల్లూ, “నీ మొహం మండా” అని తిడుతూ చూసిన ఇల్లూ ఆ లెక్కలో సమానమే.

స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచిన ‘కార్తీక దీపం’ గుర్తుందిగా. వంటలక్క, డాక్టర్ బాబు. పెళ్లాన్ని అనుమానించి, కన్నపిల్లల్ని కాదనుకున్న ఆ డాక్టరును చూసి తెలుగునాట ప్రతి ఇంట్లో అడిగిన ప్రశ్న ఒకటే: “డాక్టరై ఉండి డీఎన్ఏ పరీక్ష చేయించడేంటి?” దాన్ని అందరం జోకుగా నవ్వేసుకున్నాం. నిజానికి అంతకన్నా పదునైన విమర్శ ఆ సీరియల్ మీద ఏ పత్రికా రాయలేదు. చదువు ఉంది, పరీక్ష చేయించే వీలుంది, అయినా అనుమానమే ముద్దయింది అనే మాట అందులో ఉంది. బడి గడప దాటని ముసలమ్మ కూడా ఆ మాట అనగలిగింది. రేటింగుల్లో మాత్రం అది ‘మహిళల ఆదరణ’ కింద జమైంది.

చూసేవాళ్లు తెర మీదిదాన్ని ఉన్నదున్నట్టు మింగరని ఇజ్రాయెల్‌లో ఇద్దరు పరిశోధకులు ఎప్పుడో చూపించారు. ఎలిహు కాట్జ్, తమార్ లీబ్స్ 1980లలో ‘డల్లాస్’ అనే అమెరికన్ సీరియల్ పట్టుకుని ఇళ్లకు వెళ్లారు. ఒకరింట్లో ఇరుగుపొరుగు దంపతుల్ని కూర్చోబెట్టి, ఎపిసోడ్ చూడనిచ్చి, మాట్లాడించారు. రష్యా నుంచి వచ్చినవాళ్లు ‘దీని వెనక ఉద్దేశమేంటి’ అని కూపీ లాగారు. అరబ్బుల బృందం ఒకటి ఇంకా గమ్మత్తు చేసింది. కథలో సూ ఎలెన్ బిడ్డను తీసుకుని భర్తను వదిలి, ప్రియుడూ అతని తండ్రీ ఉండే ఇంటికి పోతుంది. వీళ్లేమో, కాదు, తన తండ్రి దగ్గరికి పోయిందన్నారు. మొగుడితో తేడా వస్తే ఆడపిల్ల ఎక్కడికి పోతుంది? పుట్టింటికి. ఉంగుటూరు ఆటోలో వెనక సీటుకు ఈ కథ చెబితే “మరి అంతేగా” అంటారు. కథను తమ ఇంటి న్యాయంతో సరిచేసి చూడటం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మగవాళ్లకు ఇది చేతకాదని నేననను. ‘బలగం’ చూశాంగా. వేణు యెల్దండి తీసిన ఆ చిన్న సినిమా 2023 మార్చి 3న వచ్చింది. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. అనుమతి లేని ప్రదర్శనలని నిర్మాతలవైపు నుంచి ఫిర్యాదులూ వచ్చాయి. నల్లి బొక్క దగ్గర మొదలైన రోషం ఏళ్ల తరబడి బావాబామ్మర్దుల్ని విడదీస్తుంది. ముసలాయన పోయాక పిండం కాకి ముట్టదు. చూసి లేచినవాళ్లు కలెక్షన్లు అడగలేదు. తప్పు బావదా బామ్మర్దిదా అని వాదించుకున్నారు. మాటలు లేని అన్నదమ్ములు సినిమా చూసి కలిశారని పేపర్లలో వార్తలొచ్చాయి. మన కథ అనిపిస్తే ముందు సీటుకూ వెనక సీటు నోరొస్తుందన్నమాట.

సీరియల్ కబుర్లను నెత్తిన పెట్టుకుంటున్నాననుకోకండి. ఆ సీరియళ్లలో ఏడుపు ఎక్కువ, బుర్ర తక్కువ. కోడలు ఎంత కుమిలితే అంత మంచిదని చెప్పే కథలే మూడొంతులు. వెనక సీట్లోనూ “సర్దుకుపోవాలమ్మా” అనేవాళ్లు ఉంటారు. కాకపోతే ఆ మాట అన్నవెంటనే పక్కనున్న పిల్ల “ఎంతకాలమని సర్దుకుపోవాలి అత్తా?” అంటుంది. షెడ్లో కాయలు గ్రేడు చేస్తూ, మచ్చకాయ పక్కన పడేస్తూ, మధ్యాహ్నం క్యారేజీ విప్పేదాకా ఆ వాదన నడుస్తుంది. ఒక్కోసారి సీరియల్ వదిలేసి, పేరు చెప్పకుండా, పక్కింటి కథలోకి, తమ ఇంటి కథలోకి దిగుతుంది. సొంత బాధ నేరుగా చెప్పుకోలేని మనిషికి తెర మీది కోడలు అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తుంది. ఈ పని కోట్ల లెక్కలవల్ల ఏనాటికీ జరగదు. షేరు అడ్డం పెట్టుకుని ఎవడూ తన గోడు చెప్పుకోలేడు.

అందుకని అడిగేవాళ్లు ప్రశ్న మార్చాలి. గేటు దగ్గర మైకు పట్టుకునే తమ్ముళ్లు ఒక్క శుక్రవారం మార్కులు అడగడం మానేసి, “చివర్లో ఆ తండ్రి చేసింది సబబేనా?” అని అడిగి చూడండి. జవాబు చెప్పేవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. చానళ్లవాళ్లు మీటర్లతో పాటు అప్పుడప్పుడు ఒక మామిడి షెడ్డుకో, మినుము కళ్లానికో మనిషిని పంపి, సన్మానాలూ చీరలూ లేకుండా ఊరికే కూర్చుని వినమనండి. కథ రాసేవాళ్లకు అంతకన్నా మంచి కచేరీ దొరకదు. పత్రికల్లో మేము కూడా రెండుముప్పావు, మూడుంపావు అని చుక్కలు పెట్టి చేతులు దులుపుకోకుండా, కథలో మనుషుల గురించి నాలుగు వాక్యాలు ఎక్కువ రాయాలి.

ఇంట్లో పనైతే ఇంకా తేలిక. ఈసారి మీవాడు ఫస్ట్ షో చూసొస్తే ఎంత కొట్టిందని అడక్కండి. అన్నం పెట్టి, “వాడి చోట నువ్వుంటే ఏం చేసేవాడివిరా?” అనండి.

— చిన్నరసం