రాజుగారి పెరట్లో కాలేజీ

తోటలు తీర్చిదిద్దడం నేర్పే కాలేజీ ఎలా ఉండాలి? నల్లబల్ల, బెంచీలు, కిటికీలోంచి చూస్తే దూరంగా నాలుగు క్రోటన్ కుండీలు... ఇదేగా మన ఊహ! ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో మాత్రం అలా కాదు. అక్కడ తరగతి గది తలుపు తీస్తే కనిపించేది పద్నాలుగో లూయీ రాజుగారి కూరతోట. మూడు శతాబ్దాలు దాటినా ఇంకా కాస్తూనే ఉన్న తోట.

రాజప్రాసాదం చూడ్డానికి వెళ్లేవాళ్లలో చాలామంది అద్దాల మందిరం చూసి, ఫౌంటెన్ల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు. పక్కనే ఉన్న ఈ తొమ్మిది హెక్టార్ల (సుమారు ఇరవై రెండెకరాల) తోటను పట్టించుకునేది కొందరే. దీని పేరు ‘పొతాజే దు ర్వా’. అంటే రాజుగారి కూరతోట అనే అర్థం. 1678 నుంచి 1683 వరకు ఐదేళ్లపాటు దీన్ని తయారుచేసింది జాఁ బాప్టిస్ట్ ద లా కెంతినీ. ఆయన చదివింది న్యాయశాస్త్రం. మనసు పడింది మాత్రం మొక్కల మీద!

పాపం, ఆయనకిచ్చిన స్థలం ఎలాంటిదనుకున్నారు? బురద నేల. దగ్గర్లోని నీటిగుంటను జనం ‘కంపు చెరువు’ అని పిలిచేవారట. నీళ్లు తోడించి, కొండల నుంచి మంచి మట్టి తెప్పించి పోయించారు. మధ్యలో ఫౌంటెన్, దాని చుట్టూ పదహారు పెద్ద మళ్లు, వాటి చుట్టూ ఎత్తయిన గోడలతో చిన్న చిన్న తోటలు. ఆ గోడలు కాపలా కోసం కాదు. పగలంతా ఎండను దాచుకుని రాత్రి ఆ వేడిని చెట్లకు అందిస్తాయి. ఒక గోడ తూర్పుకి, ఇంకోటి దక్షిణానికి... ఒక్కో ముఖం దగ్గర ఒక్కో రకం వాతావరణం. దీనికి తోడు రాజుగారి గుర్రపుశాలల్లోంచి వచ్చే పచ్చి పేడ. అది కుళ్లుతూ పుట్టించే వేడి మీద మళ్లు వేసి, పైన గాజు గంటలు బోర్లించేవారు. దాంతో గడ్డకట్టే చలికాలంలోనూ మన పిల్లిపీచరకు చుట్టమైన ఆస్పరాగస్, మార్చి చివర్లో స్ట్రాబెర్రీలు, జూన్‌లో అంజూరపళ్లు రాజుగారి బల్ల మీదకి చేరేవి. పాలిహౌస్‌లు పుట్టకముందు సంగతి ఇది! రాజుగారు పైనున్న అరుగుల మీద నడుస్తూ కింద పనిచేసేవాళ్లను చూసేవారు. లా కెంతినీ 1688లో కన్నుమూశారు. ఆయన రాసిన పుస్తకం రెండేళ్ల తర్వాత అచ్చయింది.

రాజులు పోయారు, విప్లవం వచ్చింది. తోట మాత్రం మిగిలింది. 1873లో ఫ్రెంచి ప్రభుత్వం ఇక్కడ జాతీయ ఉద్యాన పాఠశాల పెట్టింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక తోటల రూపకల్పన కోసం విడిగా ఓ విభాగం మొదలైంది. అదే 1976లో జాతీయ ల్యాండ్‌స్కేప్ కాలేజీగా మారింది. 1995లో ఉద్యాన పాఠశాల ఆంజే పట్టణానికి తరలిపోయింది. ల్యాండ్‌స్కేప్ వాళ్లు తోటను అంటిపెట్టుకుని ఉండిపోయారు. ఒకప్పుడు అంజూర చెట్లను చలికి తట్టుకునేలా దాచిన కట్టడం కూడా తర్వాత కాలంలో కాలేజీ అవసరాలకే వచ్చింది.

ఏం నేర్పుతారిక్కడ? పార్కులు, నదీతీరాలు, మూతపడ్డ ఫ్యాక్టరీల స్థలాలు, నగరం శివార్లు... వీటికి రూపమివ్వడం. బొమ్మలు గీయడం, మట్టి చదవడం, మొక్కల్ని గుర్తుపట్టడం అన్నీ ఉంటాయి. అయితే అసలు కిటుకు వేరే ఉంది. విద్యార్థులు ఇదే తోటలో సొంతంగా మళ్లు సాగు చేస్తారు. కంప్యూటర్ తెర మీద చెట్టు గీయడానికి అర నిమిషం చాలు. ఇక్కడి గోడల మీద పియర్ చెట్టు కొమ్మల్ని చూడండి... విసనకర్రలా, కొవ్వొత్తుల స్టాండులా పరిచి కట్టిన ఆ ఆకారం రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక్క కత్తెర పోటు తప్పితే ఆ ఖాళీ చాలా కాలం కనిపిస్తూనే ఉంటుంది. మన దగ్గర కాలేజీలో మొక్క పేరు లాటిన్‌లో అప్పజెప్పి పాసైనవాళ్లకి ఈ భయం తెలిసే అవకాశం తక్కువ!

ఇక్కడ పాఠాలు చెప్పినవాళ్లలో జిల్ క్లెమాఁ ఒకరు. మొక్క తనంతట తాను ఎక్కడ మొలిస్తే అక్కడే ఉండనిచ్చి, దాన్నిబట్టి మనిషి దారి మార్చుకోవాలంటారాయన. సరిగ్గా గీతలు గీసినట్టుండే రాజుగారి తోటలో ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

గొడవ కూడా ఇక్కడే ఉంది. పాత గోడలు, నీటి కాలువలు, ముసలి చెట్లు నానాటికీ పాడవుతున్నాయని 2018లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ తోటను తన హెచ్చరిక జాబితాలో చేర్చింది. మరోవైపు రసాయన మందులు తగ్గించి సహజ పద్ధతులు పెంచాలన్నది కాలేజీ దారి. అలా చేస్తే గోడకు పరిచిన ముసలి పియర్ చెట్లు దక్కవని వారసత్వ ప్రేమికుల బాధ. ‘ఇది మ్యూజియమా, ప్రయోగశాలా’ అన్న ప్రశ్నకి ఇద్దరి దగ్గరా న్యాయమైన జవాబే ఉంది. నన్నడిగితే... రుతువులతోనే పందెం కాసిన లా కెంతినీ ప్రయోగాలకి అడ్డు చెప్పి ఉండేవాడు కాదు. అయినా, పోయిన చెట్టు స్థానంలో అదే రకాన్ని అంటుకట్టి మళ్లీ గోడకు పరిచే మనుషులు ఉన్నప్పుడే ఆ ప్రయోగానికి అర్థం. ఆ పనితనం తెలిసిన తోటమాలి ఒకరు రిటైరైతే, పుస్తకం చదివి దాన్ని భర్తీ చేయలేం.

చారిత్రక తోటలో చదువు కొత్త ఊహేం కాదు. లండన్‌లోని చెల్సీ ఫిజిక్ గార్డెన్‌ను 1673లో మందుల తయారీదార్లు పెట్టిందే తమ శిష్యులకు మొక్కలు చూపించడానికి. 1983లో అక్కడే తోటల డిజైన్ నేర్పే బడి కూడా మొదలైంది. క్యూ తోటల్లో పనిచేసి వచ్చిన జర్మన్ క్రుంబీగల్ మనకి దగ్గరివాడే. 1893లో బరోడాకి, 1908లో బెంగళూరుకి చేరి లాల్‌బాగ్‌కి రూపురేఖలు దిద్దినవాడాయన.

మీ ఇంట్లో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలెవరైనా ఉంటే, ల్యాండ్‌స్కేప్‌లో పీజీ విజయవాడ ఎస్‌పీఏలోనూ ఉంది. వెర్సాయ్‌కే వెళ్లాలంటే ముందు ఫ్రెంచి నేర్చుకోవాలి, ఆపైన పోటీ తట్టుకుని సీటు తెచ్చుకోవాలి. ఊరికే చూసి రావాలనుకుంటే మాత్రం టికెట్ కొంటే చాలు. తోటలో పండిన కూరలు, పళ్లు అక్కడి చిన్న దుకాణంలోనే అమ్ముతారు.