చంటిబిడ్డ నిద్ర మా పూచీ: ప్రసూతి వార్డు నర్సుల ప్రణాళిక

గోదావరి జిల్లాల ప్రసూతి వార్డుల్లో, నవజాత శిశు విభాగాల్లో పనిచేసే నర్సులం మేము. బిడ్డను ఎలా పడుకోబెట్టాలో తల్లి మా మాటలు వినడంకన్నా మా చేతులు చూసే ఎక్కువ నేర్చుకుంటుంది. పాలు కక్కుతాడేమోనని మేం పక్కకి తిప్పి వీపు వెనక గుడ్డ చుట్ట పెడితే, ఇంటికెళ్ళాక ఆమె కూడా అలాగే పెడుతుంది. ఎవరైనా అడిగితే "ఆసుపత్రిలో సిస్టరుగారు ఇలాగే పెట్టారండీ" అంటుంది. అందుకే ఈ ప్రణాళిక ముందుగా మమ్మల్ని మేం కట్టడి చేసుకోవడానికి.

పగలైనా రాత్రైనా ప్రతి నిద్రకూ బిడ్డను వెల్లకిలా పడుకోబెడతాం. అలా అయితే పొలమారుతుందన్న భయం పెద్దవాళ్ళకుంది, మాలోనూ కొందరికుంది. వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు కిందికే జారతాయి. బోర్లా వేస్తే ఆ వరస తిరగబడుతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1992లోనే బోర్లా వద్దంది. 1994లో ఆ దేశమంతా ప్రచారం మొదలైంది. పదేళ్ళు తిరిగేసరికి నిద్రలో కారణం తెలియకుండా పోయే పసికందుల రేటు దాదాపు సగానికి పడిపోయింది. పక్కకి తిప్పితే బోర్లా దొర్లిపోతారని 2005లో అకాడమీ అదీ మానమంది.

నెలలు నిండని బిడ్డల్ని ఊపిరి కుదురుకోవడానికి కొన్నాళ్ళు మానిటర్ పెట్టి బోర్లా ఉంచుతాం. తల్లి చూసేది అదే. ఇంటి దగ్గర మానిటర్ ఉండదు. కాబట్టి డిశ్చార్జికి ఎన్నో రోజుల ముందే వెల్లకిలా అలవాటు చేసి, ఎందుకు మార్చామో చెప్పి పంపుతాం.

అమ్మమ్మ లేకుండా ఏ మాటా చెప్పం. తొలికాన్పు పుట్టింట్లో, అక్కడ ఆవిడదే పెద్దరికం. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు, స్నానమయ్యాక సాంబ్రాణి, మే నెల ఉక్కలోనూ ఊలు టోపీ, ఇవన్నీ ప్రేమతో చేసేవే. వెక్కిరిస్తే మా మాట గుమ్మం కూడా దాటదు. "పిన్నిగారూ, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుట కాసేపు బోర్లా వేయండి, తల చక్కగా వస్తుంది. నిద్రలో మాత్రం దిండు వద్దండి" అంటాం. టోపీ పుట్టిన తొలి గంటల్లో కావాలి, ఇంట్లో ఉక్కలో అక్కర్లేదు. సాంబ్రాణి, చుట్ట, బీడీ, ఏ పొగా బిడ్డ గదిలోకి రాకూడదు. చీర ఉయ్యాల మన ఇళ్ళ ముచ్చట. బారసాలనాడు వేయండి, ఊపండి, పాడండి. కానీ అందులో గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరాడే దారి ఇరుకవుతుంది. అందుకే నిద్రకు గట్టి, చదునైన పక్క కావాలి. చాపమీద పడుకునే ఇంటివాళ్ళని తొట్టి కొనమని అనం. అమ్మ చేతికందేంత దగ్గరలో బిడ్డకు వేరే పక్క చాలు. ఇద్దరు పెద్దల నడుమ వద్దు, తాగినవాళ్ళ పక్కన అసలే వద్దు.

ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్తలు ఇంటికొస్తారు. బరువు, బొడ్డు చూసినట్టే బిడ్డ పక్కనూ చూడమని వారిని కోరుతున్నాం. వెల్లకిలా, గట్టి పక్కమీద, దిండు లేకుండా, పొగ లేకుండా, అమ్మపాలతో. ఈ ఐదు ముక్కలూ ప్రతి డిశ్చార్జి చీటీమీద టీకాల తేదీలకన్నా పైన, తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చువేయించండని ఆసుపత్రుల అధికారులను అడుగుతున్నాం.