తాళం కన్నా అతిథి మేలు

మొన్న దసరాకి ధర్మాబాద్ ఇంట్లో అందరం కలిశాం. జమ్మి ఆకు పంచుకుని, పెద్దలకు దండం పెట్టుకుని, భోజనాలయ్యాక మాట ఇంటి మీదికి మళ్లింది. ఏడాదిలో మూడొందల రోజులు ఇంటికి తాళమే. ఒకరం పుణెలో, ఇద్దరం హైదరాబాద్‌లో, ఒకరం సముద్రాల అవతల. బాసరకు వచ్చే యాత్రికుల కోసం ఇంటిని లాడ్జి చేస్తానని, నెలనెలా కిరాయి కడతానని ఒకాయన అడుగుతున్నాడు. చిన్నబాపు "ఇచ్చేయుండ్రి, గోడలన్నా నిలబడ్తయి" అన్నారు. నానమ్మ మాత్రం "దేవుని అర్రల ఎవలో చెప్పులేస్కోని తిరుగుతరా?" అని ఒక్కమాట అడిగింది. మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాం. మనవాళ్లు చాలామంది ఇళ్ల ముందు ఇదే ప్రశ్న ఉంది కాబట్టి మా అభిప్రాయం రాసి పెడుతున్నాం.

ఇల్లు హోటలైన కథ కావాలంటే మనం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. 1956 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. తర్వాత బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చాం. అంటే మన తాతలకు రాజధాని హైదరాబాదే. ఆ ఊళ్లో కొండ మీదున్న ఫలక్‌నుమా కథ మనందరికీ కొంచెం కొంచెం తెలిసిందే.

పాయిగా వంశానికి చెందిన నవాబ్ వికార్ ఉల్ ఉమ్రా 1884లో దానికి శంకుస్థాపన చేశారు. కట్టడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ పాలరాయి, నూటొక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, పైనుంచి చూస్తే తేలు ఆకారం. ఆ ఖర్చుకు నవాబు అప్పుల్లో పడ్డారని అంటారు. పదేళ్లు తిరక్కముందే ఇల్లు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి పోయింది. ఆయన 1911లో కన్నుమూసింది కూడా అక్కడే.

మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. కట్టించిన మనిషి అందులో ఉన్నది కొద్ది ఏళ్లే. ఆ తర్వాత ఎక్కువ కాలం అది నిజాం గారి అతిథి గృహమే. తర్వాత ఐదో జార్జి చక్రవర్తి అయిన ఆయన, యువరాజుగా ఉన్నప్పుడు 1906లో అక్కడ దిగారు. 1951లో మన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు బస చేశారు. అంటే అతిథి రావడం ఆ ఇంటికి కొత్త కాదు. అప్పుడు రాజు పిలిస్తే వచ్చేవాళ్లు, ఇప్పుడు డబ్బు కట్టి వస్తున్నారు. మారింది అదే.

ఆ ఇంటిని నిజంగా దెబ్బతీసింది మధ్యలో పడ్డ తాళం. రాజ్యం పోయింది, నౌకర్లు పోయారు, దశాబ్దాల పాటు మనుషుల అలికిడి లేదు. తర్వాత తాజ్ హోటళ్లవాళ్లు తీసుకుని, ఇంచుమించు పదేళ్లు మరమ్మతులు చేసి, 2010 నవంబరులో తలుపులు తెరిచారు. ఆ పని వెనుక ముకర్రం జా గారి మాజీ భార్య ఎస్రా గారి పట్టుదల ఉంది.

ఇది మన దగ్గరి సంగతే కాదు. స్కాట్లాండ్‌లో బెన్ నెవిస్ కొండ దగ్గర ఇన్వర్‌లాఖీ అనే బంగళా ఉంది. ఒక ప్రభువు 1863లో కట్టించారు. 1873లో విక్టోరియా రాణి అక్కడ వారం రోజులు ఉండి బొమ్మలు గీసుకున్నారు. 1969లో అది హోటలైంది. వారసత్వ పన్నులు పెరిగి, పనివాళ్లు దొరక్క అక్కడ అలాంటి ఇళ్లు ఎన్నో నేలమట్టమయ్యాయి. హోటళ్లయినవి చాలా మటుకు నిలిచాయి.

అయితే గోడలు నిలిస్తే చాలా? ఇక్కడ నానమ్మ ప్రశ్నను పక్కన పెట్టడానికి లేదు. ఫలక్‌నుమా కట్టిన డబ్బు జాగీర్ల రాబడి. అంటే రైతుల చెమట. కానీ మామూలు మనిషి ఈ రోజు ఆ మెట్లెక్కాలంటే ముందే బుక్ చేసుకోవాలి, గట్టిగానే డబ్బు పెట్టాలి. అదే నిజాం కుటుంబానిది చౌమహల్లా. అదీ ఎస్రా గారి పూనికతోనే బాగై 2005లో జనానికి తెరుచుకుంది. దానికి చిన్న టికెట్ చాలు. పిల్లల్ని తీసుకుని పొద్దంతా తిరగొచ్చు. ఒకే కుటుంబం రెండు ఇళ్లకు రెండు దారులు చూపింది. ఏ దారీ చూపనివారు లేకపోతే ఏమవుతుందో ఎర్రమంజిల్ చెబుతుంది. నవాబు మహలు కాస్తా సర్కారీ ఆఫీసై, వయసు మీదపడి, అసెంబ్లీ కోసం కూల్చేసే దాకా వచ్చింది. 2019లో హైకోర్టు అడ్డుపడితే ఆగింది.

మా ఇల్లు మహలేం కాదు. ఎనిమిది అర్రల భవంతి, మరాఠీ ఇరుగుపొరుగు వాడా అంటారు. తాత మిర్చి వ్యాపారం చేసినన్నాళ్లూ వాకిట్లో కూలి ఆడవాళ్లు కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు. వెనక అర్ర తలుపు తీస్తే ఇప్పటికీ తుమ్ములొస్తాయి. కానీ లెక్క మాత్రం ఒకటే. మనుషులు తిరగని ఇంట్లో చెదలు తిరుగుతాయి. అందుకే ఇల్లు కిరాయికి ఇవ్వడం తప్పు కాదని మేము అనుకుంటున్నాం. షరతులు లేకుండా ఇవ్వడమే తప్పు.

మేము కాగితం మీద పెట్టుకున్న షరతులు ఇవి. ఒకటి, అమ్మడం లేదు, గడువున్న కిరాయి మాత్రమే. రెండు, దేవుని అర్ర, వాకిలి పక్కనున్న ముందరి అర్ర ఒప్పందంలోకి రావు, తాళంచెవి మా దగ్గరే ఉంటుంది. మూడు, సున్నపు గోడలకు సిమెంటు పుయ్యకూడదు. పూస్తే చెమ్మ బయటికి పోలేక గోడ లోపలే మగ్గుతుంది. నాలుగు, వచ్చిన కిరాయి ముందు ఇంటి మరమ్మతుకే, మిగిలితేనే పంపకం. ఐదు, దసరా వారం ఇల్లు మాది. ఆరు, ముందరి అర్రలో ఇంటి కథ తెలుగులో, మరాఠీలో రాసి పెట్టాలి. కట్టించిన తాత పేరొక్కటే కాదు, తొడిమలు తీసిన వాళ్ల సంగతి కూడా అందులో ఉండాలి. ఆ అర్రలోకి ఊళ్లో ఎవరొచ్చినా టికెట్ లేదు.

ఇన్ని షరతులకు ఆ లాడ్జి ఆసామి ఒప్పుకుంటాడో లేదో. ఒప్పుకోకపోతే ఇంకొకర్ని వెతుకుతాం. కిరాయి కొంత తగ్గినా ఫర్వాలేదు.

మీ ఊళ్లో కూడా ఇలాంటి ఇల్లు ఉంటే, దాన్ని ఏం చెయ్యాలో పెద్దవాళ్లు ఉండగానే కూర్చుని మాట్లాడుకోండి. ఏ అర్ర ఎవరిది, ఏ దూలం ఎక్కడినుంచి వచ్చిందీ చెప్పగలిగేది వాళ్లే. మేము ఈ షరతులన్నీ నానమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాం. అంతా విని, "దేవుని అర్రల దీపం ఎవలు పెడ్తరు మరి?" అని అడిగింది. ఏడో షరతు ఇంకా రాయాల్సి ఉంది.